అడిగిన మాటకూ, సరిచూసిన పరీక్షకూ నడుమ లంకె

ఉగాది నాడు పంచాంగ శ్రవణం చేసి, ఆదాయ వ్యయాలు, రాజపూజ్యావమానాలు వినడం మన ఇళ్లలో పరిపాటి. రాబోయే ఏట ఎంత వస్తుంది, ఎంత పోతుంది అని లెక్క చూచుకొని కొత్త సంవత్సరంలో అడుగు పెట్టడం మన పెద్దలు నేర్పిన పద్ధతి. ఊరు విడిచి వచ్చి కొందరికి మూడు తరాలు, కొందరికి పది తరాలు గడిచినా, బెంగుళూరులో ఉన్నా, కోయంబత్తూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపురంలో ఉన్నా, యానాంలో ఉన్నా ఈ పద్ధతిని మనం విడువలేదు. ఈ సంచికలో మేము చెప్పదలచినది కూడా ఒక లెక్కను గురించే. అయితే ఇది మాటల లెక్క. ఎవరు ఏమి అడిగారు, అడిగినది చేశారా లేదా, చేసినది ఎవరు సరిచూశారు అనే లెక్క.

నేడు మన కుటుంబాలలో ఇంజనీరు లేని ఇల్లు అరుదు. ఒకప్పుడు మగ్గాన్నీ, పొలాన్నీ, రాతి పనినీ నమ్ముకొని బ్రతికిన ఇళ్లలోని పిల్లలే నేడు విమానాలకు, రైళ్లకు, వైద్య యంత్రాలకు, బ్యాంకులకు కావలసిన కంప్యూటర్ పనులు చేస్తున్నారు. వారు రాత్రి ఏ తొమ్మిదింటికో ఇల్లు చేరి, “పని అయిపోయింది గాని, ట్రేసబిలిటీ పట్టిక నింపడం మిగిలింది, దానితోనే ప్రాణం పోతున్నది” అని విసుక్కోవడం మనలో చాలామంది వినే ఉంటారు. పెద్దలకు ఆ మాట అర్థం కాదు. పిల్లలకు మాట అర్థమైనా దాని వెనుక ఉన్న కథ తెలియదు. ఆ పట్టిక ఎందుకు పుట్టింది, అది లేనిచోట ఏమి జరిగింది, పని ముగిసిన తరువాత గాక పని మొదలు కాకముందే దానిని గురించి ఎందుకు ఆలోచించుకోవాలి అనే సంగతులు ఉభయులకూ తెలియడం మంచిదని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందుగా విషయం ఏమిటో చెప్పుకొందాం. పెళ్లివారింట సరుకుల పట్టీ వ్రాస్తారు. మూడు వందల మందికి ఇన్ని బస్తాల బియ్యం, ఇంత కందిపప్పు, ఇన్ని విస్తళ్లు అని లెక్క కడతారు. ముహూర్తం రెండు రోజులున్నదనగా వియ్యంకుడు కబురు పంపుతాడు: “బావగారూ, మా వైపు నుంచి ఇంకో రెండు వందల మంది బయలుదేరుతున్నారు.” ఆ మాట వంటవానికి చేరుతుంది, అతడు బియ్యం పెంచుతాడు. విస్తళ్లు తెచ్చేవానికి మాత్రం ఎవరూ చెప్పరు. మూడవ పంక్తి లేచేసరికి అన్నం ఉన్నది గాని వడ్డించడానికి ఆకు లేదు. ఇందులో ఎవరూ పని ఎగవేయలేదు. అతిథుల సంఖ్యకూ, విస్తళ్ల సంఖ్యకూ మధ్య ఉన్న లంకె ఏ కాగితం మీదా వ్రాసిలేదు, అంతే.

ఇంజనీరింగు పనులలో కూడా మొదట ఏమేమి కావాలో వ్రాస్తారు. దానిని అవసరాల పత్రం అనవచ్చును. వంతెన ఇంత గాలికి నిలవాలి, యంత్రం ఇంత వేడిమిలో పని చేయాలి, మీట నొక్కిన తరువాత ఇన్ని క్షణాలలో బండి ఆగాలి అని అందులో ఉంటుంది. చివర పరీక్షలు జరుపుతారు. ప్రతి అవసరానికీ దానిని రుజువు చేసే పరీక్ష ఏది, ప్రతి పరీక్షా ఏ అవసరం కోసం జరుగుతున్నది అని ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ వ్రాసి ఉంచుకొనే పద్ధతినే ట్రేసబిలిటీ అంటారు. మన భాషలో జాడ కట్టడం అనుకొందాం.

ఈ పేరు కొత్తదే గాని, దీని లోటు వల్ల కలిగిన కష్టం చాలా పాతది. స్కాట్లండులో డండీ పట్టణం వద్ద టే నది మీద సుమారు రెండు మైళ్ల పొడవున ఒక రైలు వంతెన కట్టారు. దాని ఇంజనీరు థామస్ బౌచ్. 1878 ఫిబ్రవరిలో ప్రభుత్వ తనిఖీదారు మేజర్ జనరల్ హచిన్సన్ వచ్చి, మూడు రోజులపాటు వంతెనను పరీక్షించాడు. బరువైన రైలు ఇంజన్లను వరుసగా తగిలించి దాని మీద నడిపించి, దూలాలు ఎంత వంగుతున్నవో కొలిపించాడు. వంతెన బరువుకు బాగా నిలిచింది. అతడు తన నివేదికలో ఒక మాట వ్రాశాడు. మరొకసారి వచ్చినప్పుడు, పెనుగాలి వీచే వేళ రైలు వంతెన దాటుతుండగా చూడాలని ఉన్నదని ఆ మాట. అది జరుగనే లేదు. 1878 జూన్ 1న రైళ్లు మొదలైనవి. 1879 డిసెంబరు 28 రాత్రి తుఫాను గాలిలో వంతెన నడుమనున్న ఎత్తైన భాగం, దాని మీద పోతున్న రైలుతో సహా నదిలో కూలిపోయింది. రైలులో ఉన్నవారిలో ఒక్కరూ బ్రతికి బయటపడలేదు.

విచారణలో అనేక లోపాలు తేలినవి. పోత ఇనుములో లొసుగులున్నవి, నిర్వహణ సరిగా లేదు. వాటన్నిటితోపాటు, గాలి ఒత్తిడికని ప్రత్యేకంగా ఏ లెక్కా కట్టలేదని బౌచ్ ఒప్పుకొన్నాడు. అవసరాల పత్రంలో గాలి లేదు గనుక పరీక్షలలోనూ గాలి లేదు. తనిఖీదారుకు తట్టిన ఆ ఒక్క మాటకు తేదీ లేదు, బాధ్యుడు లేడు, అది జరిగేదాకా రైలు నడపరాదనే కట్టడి లేదు. మంచి ఆలోచనే, కాని దానిని దేనికీ ముడివేయలేదు. ఆ తరువాత ఫోర్త్ నది మీద కట్టి 1890లో తెరచిన పెద్ద వంతెనకు చదరపు అడుగుకు 56 పౌన్ల గాలి ఒత్తిడిని తట్టుకోవాలని అంకె వేసి మరీ వ్రాశారు. ఆ వంతెన మీద నేటికీ రైళ్లు నడుస్తున్నవి.

వంతెన కంటికి కనబడే వస్తువు. కంప్యూటర్ ప్రోగ్రాము అలా కాదు. చెడిపోయేదాకా అందులోని లోపం ఎవరికీ కనబడదు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత క్షిపణులలో, విమానాలలో, అంతరిక్ష నౌకలలో కంప్యూటర్లు చేరిన కొద్దీ ఈ చిక్కు పెరిగింది. 1968 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని గార్మిష్ పట్టణంలో నాటో వారి ప్రాపకాన ఒక సమావేశం జరిగింది. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు అనే పేరు లోకంలో వ్యాపించడానికి ఆ సమావేశమే కారణం. అక్కడ బ్రయన్ రాండెల్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు, ఒక వ్యవస్థను తయారు చేసినప్పుడు దాని రూపకల్పన ఎలా జరిగిందో తెలిపే జాడలు ఆ వ్యవస్థలోనే స్పష్టంగా మిగలాలని సూచించాడు. చేసినవాడు వెళ్లిపోయినా చేసిన కారణం నిలిచి ఉండాలని ఆ మాట సారాంశం.

1970ల నాటికి అమెరికాలో శత్రు క్షిపణులను అడ్డుకొనే వ్యవస్థల కోసం పని చేసిన ఇంజనీర్లు అవసరాలను క్రమబద్ధంగా వ్రాసి, వాటి జాడ పట్టే విధానాలను కల్పించారు. 1988లో అమెరికా రక్షణ శాఖ 2167-ఏ అనే తన ప్రమాణ పత్రంలో ప్రతి అవసరానికీ జాడ చూపాలని గుత్తేదారులకు నిబంధన పెట్టింది. 1992లో పౌర విమానాల సాఫ్ట్‌వేర్ కోసం వెలువడిన డీ.ఓ.-178బి అనే పత్రం కూడా పైస్థాయి అవసరం నుండి కింది స్థాయి అవసరానికీ, అక్కడనుండి ప్రోగ్రాముకూ, పరీక్షకూ లంకెలు చూపాలన్నది. దాని తరువాతి రూపమైన డీ.ఓ.-178సి 2011లో వచ్చింది. ఈనాడు మన పిల్లలు విసుక్కొంటున్న పట్టికలు ఈ వంశంలోనివే.

కాగితం మీద నిబంధన వచ్చినంతనే బుద్ధి వస్తుందా? రాలేదనడానికి 1990ల నాటి మూడు కథలు చెప్పవలసి ఉన్నది. అందులో మొదటిది మన తెలుగు నేల మీద జరిగింది. పులికాటు సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది, 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది. అక్కడనుండి 1993 సెప్టెంబరు 20న పి.ఎస్.ఎల్.వి. రాకెట్ మొట్టమొదటిసారి లేచింది. తొలి దశలు బాగానే మండినవి. రెండవ దశ విడిపోయే వేళ రాకెట్ కుదుపుకు లోనైంది. దానిని సరిదిద్దవలసిన కంప్యూటర్ ప్రోగ్రాములో ఒక పొరపాటు దాగి ఉన్నది. ఆజ్ఞ తన గరిష్ఠ పరిమితిని దాటినప్పుడు మాత్రమే అంకె పొర్లిపోయే పొరపాటు అది. మామూలు పరిస్థితిలో ఎన్నిసార్లు నడిపినా ఆ పరిమితి దాటదు, కనుక పొరపాటు బయటపడదు. ఆనాడు ఆకాశంలో దాటింది. రాకెట్టూ, అందులోని ఐ.ఆర్.ఎస్.-1ఇ ఉపగ్రహమూ పోయినవి. శాస్త్రజ్ఞులు వైఫల్యాన్ని విప్పి చూచి, సరిదిద్ది, 1994 అక్టోబరు 15న మరల ఎగురవేసి గెలిచారు. 2008లో చంద్రయానాన్నీ, 2013లో మంగళయానాన్నీ మోసుకొనిపోయినది ఆ పి.ఎస్.ఎల్.వి. రాకెట్టే. “పరిమితి దాటితే ఏమి కావాలి?” అనే ప్రశ్నకు కూడా ఒక వరుస సంఖ్య, ఒక పరీక్ష ఉండవలెనని ఈ కథ మనకు చెబుతున్నది.

రెండవ కథ దక్షిణ అమెరికాలో ఫ్రెంచి గయానాలోని కూరూ రేవులో నడిచింది. 1996 జూన్ 4న ఐరోపా దేశాల కొత్త రాకెట్ అరియాన్-5 తొలిసారి లేచి, ప్రయాణ క్రమం మొదలైన సుమారు 40 క్షణాలకు, 3,700 మీటర్ల ఎత్తున దారి తప్పి, విరిగి, పేలిపోయింది. అందులో ఉన్న నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు బూడిదైనవి. జాక్ లూయీ లియోన్స్ అనే గణిత శాస్త్రజ్ఞుని అధ్యక్షతన విచారణ సంఘం కూర్చొని, ఆ జూలైలోనే నివేదిక ఇచ్చింది.

రాకెట్ ఏ దిక్కుగా, ఏ వేగంతో పోతున్నదో కనిపెట్టే యంత్రాన్ని వెనుకటి అరియాన్-4 నుండి ఇంచుమించు అలాగే తెచ్చుకొన్నారు. అడ్డంగా పోయే వేగానికి సంబంధించిన ఒక పెద్ద అంకెను అందులోని ప్రోగ్రాము 16 బిట్ల చిన్న గూటిలో పెట్టబోయింది. ఆ గూటిలో 32,767కు మించిన అంకె పట్టదు. అరియాన్-4 దారిలో ఆ అంకె ఎన్నడూ అంత పెరగదు. అరియాన్-5 దారి వేరు, మొదటి క్షణాలలోనే దాని అడ్డువేగం చాలా హెచ్చు. అంకె పట్టలేదు, యంత్రం ఆగిపోయింది. ఒకటి చెడితే మరొకటి ఉండాలని రెండు యంత్రాలు పెట్టారు గాని, రెండింటిలోనూ అదే ప్రోగ్రాము గనుక క్షణంలో పదోవంతు తేడా లేకుండా రెండూ ఆగిపోయినవి.

ఇక్కడ తెగిపోయిన లంకెలు ఒకటి కాదు. ఆ యంత్రానికి వ్రాసిన అవసరాలలో అరియాన్-5 పోవలసిన దారి చేరనేలేదు. కనుక యంత్రం మీద జరిపిన పరీక్షలలోనూ ఆ దారి లేదు. మొత్తం రాకెట్‌కు జరిపిన పరీక్షలలో అసలు యంత్రానికి బదులు కంప్యూటర్‌లో కల్పించిన దాని నమూనాను వాడారు. ఆ లెక్క వేసే భాగం రాకెట్ లేచిన తరువాత అరియాన్-5కు అవసరమే లేదు. అది పాత రాకెట్‌లో ఒక ప్రత్యేక సౌకర్యం కోసం పెట్టినది. అంటే ప్రోగ్రాము ఉన్నది, దానికి పైన అవసరం లేదు. కింది నుంచి పైకి జాడ పట్టి ఉంటే, “ఇది ఎవరు అడిగారు?” అనే ప్రశ్న అక్కడే పుట్టేది.

ఇంకొక సంగతి మమ్మల్ని మరింత ఆలోచింపజేసింది. అలా పొర్లిపోగల అంకెలు ఏడు ఉన్నవని ఆ ప్రోగ్రాము వ్రాసినవారికి ముందే తెలుసు. కంప్యూటర్ మీద భారం పెరగకుండా నాలుగింటికి కాపలా పెట్టి, మూడింటిని వదలివేశారు. అవి ఎన్నడూ అంత పెరగవని అప్పట్లో తలచారు. ఆ కారణం ప్రోగ్రాములో ఎక్కడా వ్రాసి లేదు. కుప్పలుగా పడి ఉన్న కాగితాలలో అది మరుగున పడిపోయిందని విచారణ సంఘం చెప్పింది. వలస వచ్చిన మనకు ఇది తెలియని సంగతి కాదు. తాతల నాడు ఊళ్లో ఏదో కారణాన పెట్టుకొన్న ఆచారాన్ని మనం కొత్త ఊరికి తెచ్చుకొంటాము. కారణం పోతుంది, ఆచారం మిగులుతుంది. కొన్ని ఆచారాలు కొత్త నేలలోనూ మేలే చేస్తవి, కొన్ని అక్కడి నీటికీ గాలికీ సరిపడవు. ఏది ఉంచుకోవాలో ఏది మార్చుకోవాలో తేల్చడానికి, మొదట దానిని ఎందుకు పెట్టారో తెలియాలి కదా.

మూడవ కథ అంగారక గ్రహానిది. అమెరికా వారి మార్స్ పోలార్ ల్యాండర్ 1999 జనవరి 3న బయలుదేరి, డిసెంబరు 3న అంగారకుని దక్షిణ ధ్రువం దాపున దిగవలసి ఉండెను. దిగే ముందు మాట్లాడటం మానింది, మరల మాట్లాడలేదు. దిగేటప్పుడు వార్తలు పంపే ఏర్పాటు లేకపోవడం వల్ల కళ్లారా చూచిన సాక్ష్యం లేదు. అయినా పరిశీలనా సంఘం 2000 సంవత్సరంలో, ఎక్కువగా నమ్మదగిన కారణం ఇది అని ఒకటి నిర్ణయించింది.

ఆ నౌకకు మూడు కాళ్లు. కాలు నేలకు తగిలిందని చెప్పే సూచిక ప్రతి కాలికీ ఉన్నది. తగిలినట్లు తెలియగానే ఇంజన్లు ఆగాలి. నేలకు ఇంకా సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉండగా మడిచిన కాళ్లు చాచుకొంటవి. ఆ విదిలింపులో సూచికలు తగిలినట్లుగా ఒక అబద్ధపు సంకేతం ఇవ్వవచ్చును. పైస్థాయిలో ఉన్న ఇంజనీర్లకు ఈ ప్రమాదం తెలుసు. నేలకు బాగా దగ్గరపడేదాకా ఆ సంకేతాలను లెక్కలోకి తీసుకోరాదని వారు అవసరాల పత్రంలో వ్రాసినారు. ప్రోగ్రాము వ్రాసేవారికి అందిన పత్రంలో మాత్రం కాళ్లు చాచేటప్పుడు అబద్ధపు సంకేతం రావచ్చుననీ, దానిని తుడిచివేయాలనీ విడిగా చెప్పలేదు. వారు తమకు చెప్పినంతవరకు చేశారు. ప్రోగ్రాము ఆ పాత సంకేతాన్ని జ్ఞాపకం పెట్టుకొన్నది. 40 మీటర్ల ఎత్తుకు రాగానే సూచికలను నమ్మడం మొదలుపెట్టి, కాలు నేలకు తగిలిందనుకొని ఇంజన్లు ఆపివేసింది. మెల్లగా దిగవలసిన నౌక క్షణానికి సుమారు 22 మీటర్ల వేగంతో నేలను గుద్దుకొని ఉండాలి.

పరీక్ష జరుగలేదా అంటే జరిగింది. కాళ్లు చాచే పరీక్ష జరిపినప్పుడు సూచికల తీగెలు తప్పుగా కలిపి ఉన్నవి, అందుచేత అబద్ధపు సంకేతం కనబడలేదు. తరువాత తీగెలు సరిచేశారు. నేలకు తగిలే భాగాన్ని మరల పరీక్షించారు గాని, కాళ్లు చాచే భాగాన్ని మరల చేయలేదు. పట్టికలో ఆ పరీక్షకు ఎదురుగా “అయినది” అని ఉండవచ్చును. నిజానికి అది అయిన పరీక్ష కాదు. పరికరం మారినప్పుడు దానితో ముడిపడిన ప్రతి పరీక్షా మరల తెరచినట్లే లెక్క. ఈ ఒక్క సూత్రం పాటించి ఉంటే ఆ నౌక దిగి ఉండేదేమో. దాని తోబుట్టువు వంటి మరొక నౌకను 2001 కోసం తయారు చేసి, ప్రయాణం మానిపించి దాచి ఉంచారు. లోపాలు వెదకి, మరల మరల పరీక్షించి, దానినే ఫీనిక్స్ అనే పేరుతో పంపారు. అది 2008 మే 25న అంగారకుని ఉత్తర ధ్రువ ప్రాంతంలో క్షేమంగా దిగింది.

ఇన్ని కథలు చెప్పిన తరువాత, లంకెలను ముందుగా ఏర్పాటు చేసుకోవడమంటే ఏమిటో చెప్పవచ్చును. అవసరాన్ని వ్రాసిన రోజునే దానిని ఎలా రుజువు చేస్తామో కూడా వ్రాయాలి. నడిపి చూస్తామా, లెక్క కడతామా, కంటితో తనిఖీ చేస్తామా, చేసి చూపిస్తామా అన్నది అప్పుడే తేలాలి. రుజువు చేసే దారి తోచకపోతే ఆ అవసరం సరిగా వ్రాయలేదని అర్థం. “గట్టిగా ఉండాలి” అంటే పరీక్షించేదేమున్నది? “చదరపు అడుగుకు 56 పౌన్ల గాలికి నిలవాలి” అంటే పరీక్షకు చోటున్నది. ఒక్కొక్క అవసరానికి ఒక్కొక్క సంఖ్య ఇవ్వాలి, ఒకే వాక్యంలో రెండు కోరికలు కలపరాదు. పెద్ద అవసరం చిన్న అవసరాలుగా విడిపోయేటప్పుడు ఏ ముక్క ఎవరి చేతికి పోయిందో వ్రాయాలి. అంగారక నౌక కథలో జారిపోయినది అటువంటి ముక్కే. ఆ ముక్కను చిన్న భాగం మీద పరీక్షించాలా, అన్నీ కూర్చిన తరువాత పరీక్షించాలా అన్నది కూడా అప్పుడే నిర్ణయం కావాలి. పని నడుమ ఎవరైనా ఒక మాట మారిస్తే, దానికి కట్టిన దారాలను లాగి చూచి, ఏయే పరీక్షలు మరల చేయాలో తేల్చాలి. ఇవన్నీ పని చివర చేద్దామనుకొంటే అప్పటికి సగం మంది వేరే ఉద్యోగాలకు పోయి ఉంటారు, మిగిలినవారికి కారణాలు జ్ఞాపకం ఉండవు.

1994లో ఓర్లీనా గోటెల్, ఆంథనీ ఫింకెల్‌స్టైన్ అనే ఇద్దరు ఇంగ్లండులో వందకు పైగా వృత్తి నిపుణులను విచారించి ఒక వ్యాసం ప్రకటించారు. అవసరాల పత్రం తయారైన తరువాతి జాడ కంటె, ఆ పత్రంలోనికి ఆ మాట ఎక్కడనుండి వచ్చింది, ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు అనే ముందటి జాడ దొరకకపోవడమే ఎక్కువ చిక్కులకు కారణమని వారు తేల్చారు. అరియాన్ పేలిపోవడానికి రెండేళ్ల ముందటి మాట ఇది. చెప్పేవారు చెబుతూనే ఉంటారు, వినడం మన వంతు.

పిల్లల పక్షాన కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ప్రతి చిన్న మాటకూ పది లంకెలు కట్టమంటే పట్టిక పెరిగి పని తరుగుతుంది. ఎవరూ చదవని పట్టికను గడువుకు ముందు రాత్రి కూర్చొని నింపడం వల్ల ఎవరికీ మేలు లేదు. పైగా అది అన్నీ సరిచూశామనే భ్రమ కలిగిస్తుంది, ఆ భ్రమ పట్టిక లేకపోవడం కంటె ప్రమాదం. కనుక ఎక్కడ ప్రాణం ఉన్నదో, ఎక్కడ తిరిగి సంపాదించలేని సొత్తు ఉన్నదో అక్కడ దారం బిగువుగా కట్టాలి. మిగిలినచోట్ల తేలికగా కట్టినా చాలును. ఆ తారతమ్యం ముందుగా నిర్ణయించుకోవడమే పెద్దల పని. దానిని నిర్ణయించకుండా అంతా నింపమని చిన్నవారి మీద వేయడం పెద్దల తప్పు.

మన ఇంటిపేర్లలో చాలావాటిలో ఒక ఊరి పేరు దాగి ఉన్నది. ఆ ఊరిని మనలో చాలామంది చూడలేదు, దారి కూడా ఎరుగరు. అయినా పెళ్లి సంబంధం కలిపేటప్పుడు ఇంటిపేరు, గోత్రం అడిగి, ఎవరు ఎక్కడివారో తేల్చుకొంటాము. తరాల కిందట బయలుదేరిన మనిషికీ, నేడు ఇక్కడ నిలిచిన మనిషికీ నడుమ తెగని లంకె అది. జాడ విలువ మనకు ఒకరు నేర్పవలసిన పని లేదు. ఈ రాత్రి మన అబ్బాయో అమ్మాయో పట్టిక ముందు కూర్చొని విసుక్కొంటే, “ఏమ్మా, ఈ గడి నింపేటప్పుడు ఆ పరీక్ష నీవు నిజంగా చూచావా?” అని ఒక్క మాట అడుగుదాం. చూచానంటే సంతోషం. చూడలేదంటే, ఆ గడిని ఖాళీగానే ఉంచమని చెప్పే ధైర్యం ఇంట్లో పెద్దలుగా మనం ఇవ్వాలి. ఖాళీ గడిని చూచి రేపు మరొకరు ఆగి అడుగుతారు. అబద్ధపు గురుతును చూచి ఎవరూ ఆగరు.

కొత్త సంవత్సరంలో మన పిల్లలు చేసిన వంతెనల మీద రైళ్లు క్షేమంగా దాటాలనీ, వారు వ్రాసిన ప్రోగ్రాములతో నడిచే యంత్రాలు ఎవరికీ కీడు చేయకుండా పని చేయాలనీ కోరుతూ, పాఠక బంధువులందరికీ ఉగాది శుభాకాంక్షలు తెలుపుకొంటున్నాము.